ముందు మారవలసినది ఏది?

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లం) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా శాంతి, శుభాలు కురియుగాక!

విశ్వాసులారా!

దివ్య ఖుర్ఆన్ రఅద్ సూరా 11వ ఆయతులో అల్లాహ్ మనకొక శాశ్వత నియమాన్ని తెలియజేశాడు. ఏ జాతి అయినా తన అంతరంగాన్ని తాను మార్చుకోనంతవరకు అల్లాహ్ ఆ జాతి స్థితిగతులను మార్చడన్నది దాని సారాంశం. ఈ మాట మనం ఎన్నో జుమా ప్రసంగాలలో విన్నాము. విని తలలూపాము. కానీ సుమారు నూట నలభై ఏళ్ల క్రితం కొందరు ముస్లిం ఆలోచనాపరులు ఈ ఆయతును తమ కాలానికి వేసిన ప్రశ్నగా స్వీకరించారు. మారవలసినది ఏది? ముందుగా ఏది మారాలి? ప్రభుత్వమా, పాఠశాలా? పాలకుడా, మనిషి మనస్సా? దీనికి వారు చెప్పిన జవాబులు ఒకటి కావు. వారు పరస్పరం విభేదించారు, విమర్శించుకున్నారు, కొన్నిచోట్ల పొరబడ్డారు. అయినా వారి ప్రశ్న నేటికీ మన మస్జిదుల ముంగిట నిలిచే ఉంది. అందుకే ఈ రోజు వారి చరిత్రను కొంత స్మరించుకుందాము.

మొదట ఆ కాలాన్ని తలచుకుందాము. 1798లో నెపోలియన్ సేనలు ఈజిప్టులో దిగాయి. 1857లో మన దేశంలో తిరుగుబాటు విఫలమై, ఢిల్లీలో మొఘల్ సింహాసనం శాశ్వతంగా ఖాళీ అయింది. 1881లో ట్యునీషియా ఫ్రెంచివారి వశమైంది. 1882లో ఈజిప్టును బ్రిటిష్ సైన్యం ఆక్రమించింది. ఒకనాడు వైద్యంలో, గణితంలో, ఖగోళశాస్త్రంలో లోకానికి పాఠాలు చెప్పిన సముదాయం పరుల పాలనలో తలవంచి నిలబడింది. మన విశ్వాసం సత్యమే అయినప్పుడు మన స్థితి ఇలా ఎందుకు దిగజారిందన్న ఆవేదన మొరాకో నుంచి బెంగాల్ దాకా ఆలోచించగల ప్రతి హృదయాన్నీ దహించింది.

ఆ ఆవేదనకు గొంతునిచ్చిన వారిలో ప్రముఖుడు సయ్యద్ జమాలుద్దీన్ అఫ్ఘానీ. ఆయన తనను అఫ్ఘాన్ దేశీయుడిగా చెప్పుకున్నా, ఇరాన్‌లోని హమదాన్ సమీపాన ఉన్న అసదాబాద్‌లో జన్మించారన్నది చరిత్రకారులలో అధికుల అభిప్రాయం. 1871 నుంచి 1879 వరకు ఆయన కైరోలో ఉన్నారు. యువకులను చుట్టూ కూర్చోబెట్టుకుని తత్వం, తర్కం, ధర్మం, రాజకీయం కలిపి బోధించారు. పాలకుల దుబారాను, విదేశీయుల పెత్తనాన్ని ఎండగట్టారు. ఫలితంగా 1879లో ఈజిప్టు పాలకుడు ఖదీవ్ తౌఫీఖ్ ఆయనను దేశం నుంచి వెళ్లగొట్టాడు.

సోదరులారా! అలా వెలివేయబడిన ఆ పండితుడు మన దేశానికి వచ్చి, హైదరాబాద్‌లో నివసించారన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. అప్పటికి నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఇంకా మైనరు. పాలనాభారం దీవాన్ మొదటి సాలార్‌జంగ్ చేతిలో ఉంది. ఉత్తరాది నుంచి వచ్చిన విద్యావంతులు అనేకులు అప్పట్లో హైదరాబాద్ కొలువులో ఉన్నారు. వారిలో మెహదీ అలీ (తర్వాత ముహ్సినుల్ ముల్క్‌గా ప్రసిద్ధులు), చిరాగ్ అలీ వంటివారు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌కు సన్నిహితులు, ఆయన భావాలను పంచుకున్నవారు.

సర్ సయ్యద్ మార్గం వేరు. 1857 విధ్వంసాన్ని ఆయన కళ్లారా చూశారు. ఢిల్లీలోని తన సొంత కుటుంబమే ఆ సంక్షోభంలో చితికిపోయింది. ఆయుధంతో ఎదిరించే కాలం ముగిసిందని, ఇక విద్యతోనే ఈ సముదాయం నిలవగలదని ఆయన నిశ్చయించుకున్నారు. 1864లో గాజీపూర్‌లో శాస్త్రీయ సంఘాన్ని స్థాపించి, పాశ్చాత్య గ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేశారు. 1870లో ‘తహ్‌జీబుల్ అఖ్లాఖ్’ పత్రికను ప్రారంభించారు. 1875లో అలీగఢ్‌లో పాఠశాల తెరిచారు. అది 1877లో కళాశాలగా, ఆయన మరణానంతరం 1920లో విశ్వవిద్యాలయంగా రూపుదిద్దుకుంది. ప్రకృతి దేవుని సృష్టి, ఖుర్ఆన్ దేవుని వాక్కు, కనుక ఈ రెండింటి మధ్య వైరుధ్యం ఉండజాలదన్నది ఆయన వాదం. ఈ సూత్రం వరకు అభ్యంతరం లేదు. కానీ దాన్ని అన్వయిస్తూ ప్రవక్తల మహిమలకు, దైవదూతలకు, జిన్నులకు ఆయన చెప్పిన అర్థాలను ధర్మపండితులు తీవ్రంగా ఖండించారు. ‘నేచర్’ అన్న మాటను పట్టుకుని ఆయన అనుచరులను ‘నేచరీలు’ అన్నారు. దేశంలోని అనేక నగరాల నుంచే కాక మక్కా నుంచి సైతం ఆయనకు వ్యతిరేకంగా ఫత్వాలు వచ్చాయి.

హైదరాబాద్‌లో అఫ్ఘానీ ఉన్న రోజులలో ఒక గణిత ఉపాధ్యాయుడు ఆయనకు లేఖ వ్రాశాడు. ఎక్కడ చూసినా ఈ ‘నేచరీ’ అన్న మాట వినిపిస్తోంది, దాని నిజస్వరూపం ఏమిటో వివరించమని కోరాడు. అఫ్ఘానీ సమాధానం ఒక చిన్న గ్రంథమైంది. పారసీ భాషలో వ్రాసిన ఆ గ్రంథం 1881లో హైదరాబాద్‌లోనే అచ్చయింది. ధర్మం మానవాళికి మూడు విశ్వాసాలను, మూడు గుణాలను ప్రసాదించిందని అందులో ఆయన వాదించారు. మనిషి భూమిపై సృష్టిరాశిలో శ్రేష్ఠుడన్న విశ్వాసం, తన సముదాయం ఉన్నతమైనదన్న విశ్వాసం, ఈ లోకానికి తాను వచ్చింది పరిపూర్ణతను సాధించి మరింత ఉన్నతమైన లోకానికి వెళ్లడానికేనన్న విశ్వాసం. వీటి నుంచి పుట్టే గుణాలు సిగ్గు (హయా), నమ్మకస్తత (అమానత్), సత్యసంధత (సిద్ఖ్). ఈ ఆరు స్తంభాలు కూలితే ఎంతటి నాగరికత అయినా నిలవదన్నది ఆయన హెచ్చరిక. సర్ సయ్యద్‌పై ఆయన కోపానికి రాజకీయ కారణమూ ఉంది. బ్రిటిష్ పాలనతో రాజీపడటమే తప్పు అన్నది అఫ్ఘానీ దృష్టి.

ఇంతవరకు చూస్తే, ఒకరు ఆధునిక విద్యకు పక్షపాతి, మరొకరు శత్రువు అనిపించవచ్చు. కానీ చరిత్ర అంత సరళం కాదు. 1882 నవంబరులో కలకత్తాలో అఫ్ఘానీ విద్యపై ఒక ఉపన్యాసం ఇచ్చారు. జ్ఞానాన్ని ‘ముస్లింల జ్ఞానం’, ‘ఐరోపావారి జ్ఞానం’ అని రెండుగా చీల్చి, రెండవదాన్ని నిషేధించే పండితులను అందులో నిశితంగా విమర్శించారు. మన పండితులు దీపం ముందు కూర్చుని రాత్రంతా పాత తత్వగ్రంథాలు చదువుతారు, కానీ దీపానికి గాజుబుడ్డి తీస్తే పొగ ఎందుకు వస్తుంది, పెడితే ఎందుకు ఆగిపోతుంది అని ఒక్కసారైనా ఆలోచించరని ఆయన బాధపడ్డారు. జ్ఞానానికి జాతి లేదని, అది సత్యం ఎక్కడుంటే అక్కడిదేనని ఆయన ఉద్దేశం. అంటే విద్య విషయంలో సర్ సయ్యద్, అఫ్ఘానీ ఒకే తీరానికి చేరువలో ఉన్నారు. వారిని విడదీసినవి ఖుర్ఆన్ వ్యాఖ్యానంలో పద్ధతి, పరాయి పాలన పట్ల వైఖరి.

ఇప్పుడు మూడవ వ్యక్తిని చూద్దాము. కైరోలో అఫ్ఘానీ చుట్టూ చేరిన యువకులలో అగ్రగణ్యుడు షేఖ్ ముహమ్మద్ అబ్దుహ్. 1849లో నైలు నదీ తీర గ్రామసీమలో, రైతు కుటుంబంలో పుట్టారు. బాల్యంలోనే ఖుర్ఆన్ కంఠస్థం చేశారు. పై చదువుకు తంతా పట్టణంలోని అహ్మదీ మస్జిద్‌కు పంపారు. అక్కడ ఏడాదిన్నర పాటు వ్యాకరణ వ్యాఖ్యలు వల్లించినా ఒక్క ముక్క అర్థం కాలేదు. గురువులు పారిభాషిక పదాలు వాడేవారే తప్ప, వాటి అర్థం తెలియని పిల్లవాడికి వివరించేవారు కారు. విసిగిన బాలుడు చదువుకు స్వస్తి చెప్పి, వ్యవసాయం చేసుకుందామని ఇంటికి పారిపోయాడు. తండ్రి బలవంతంగా మళ్లీ పంపితే దారి మార్చి బంధువుల ఊరికి వెళ్లాడు. అక్కడ షేఖ్ దర్వేష్ అనే పెద్దాయన, ఆ బాలుడి తండ్రికి మేనమామ, ఒక పుస్తకం చేతికిచ్చి నాలుగు వాక్యాలు చదివించుకునేవారు. చదివిన ప్రతి వాక్యానికీ అర్థం ప్రేమగా చెప్పేవారు. కొద్ది రోజులలోనే, పుస్తకాన్ని విసిరికొట్టిన ఆ పిల్లవాడు పుస్తకాన్ని వదలలేని స్థితికి వచ్చాడు. అల్ అజ్‌హర్‌కు వెళ్లాడు. చివరికి ఈజిప్టు దేశానికే మహా ముఫ్తీ అయ్యాడు.

సోదరులారా! ఒక వృద్ధుడి ఓపిక ఒక ముఫ్తీని నిలబెట్టింది. ఆ ఓపిక లేకుంటే ఆ ముఫ్తీ ఒక పొలం గట్టు మీదే మిగిలిపోయేవాడు. మన మదరసాల నుంచి, ట్యూషన్ల నుంచి విసిగి పారిపోయిన పిల్లలను మనం సోమరులని తిట్టాము. వారికి అర్థం చెప్పేవారు ఎవరైనా ఉన్నారా అని ఎన్నడైనా అడిగామా?

1882లో ఈజిప్టులో అరబీ పాషా ఉద్యమం అణచివేయబడింది. దానితో సంబంధం ఉన్నదని అబ్దుహ్‌ను దేశం నుంచి బహిష్కరించారు. 1884లో గురుశిష్యులు పారిస్‌లో కలిసి ‘అల్ ఉర్వతుల్ వుస్ఖా’ అనే అరబీ పత్రికను నడిపారు. ఆ ఏడాది మార్చి నుంచి అక్టోబరు వరకు 18 సంచికలు వెలువడ్డాయి. ముస్లిం దేశాలన్నీ ఏకం కావాలని, విశ్వాసం సోమరితనానికి సాకు కారాదని, విధివ్రాతపై నమ్మకం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదని ఆ పత్రిక ఉద్ఘోషించింది. రఅద్ సూరాలోని ఆ నియమమే వారి రచనలకు ఊపిరి. బ్రిటిష్ అధికారులు ఈజిప్టులో, భారతదేశంలో ఆ పత్రికను నిషేధించారు. ఎనిమిది నెలలలోపే అది ఆగిపోయింది.

ఇక్కడ గురుశిష్యుల దారులు చీలాయి. రాజకీయాలను వదిలి, ఏదైనా దూరప్రాంతానికి వెళ్లి, కొద్దిమంది యువకులను ఎంచుకుని శిక్షణ ఇద్దామని అబ్దుహ్ గురువుకు సూచించారట. ఆ పదిమంది మరో పదిమందిని తీర్చిదిద్దుతారని ఆశించారు. అఫ్ఘానీ ఆ మాటను పిరికిమందుగా భావించి తిరస్కరించారని శిష్యుడి శిష్యుడైన రషీద్ రజా నమోదు చేశారు.

తర్వాత అఫ్ఘానీ ఇరాన్, రష్యా, ఇస్తాంబుల్‌లలో ఒక రాజు కొలువు నుంచి మరో రాజు కొలువుకు తిరిగారు. ఇరాన్ షా తన దేశపు పొగాకు వ్యాపారమంతా ఒక ఆంగ్లేయుడికి కట్టబెట్టినప్పుడు, అఫ్ఘానీ అగ్ర ధర్మపండితుడు మీర్జా హసన్ షీరాజీకి ఘాటైన లేఖ వ్రాశారు. 1891 డిసెంబరులో పొగాకు వాడకాన్ని నిషేధిస్తూ షీరాజీ పేరిట వచ్చిన ఫత్వాకు ప్రజలంతా కట్టుబడ్డారు. షా ఆ ఒప్పందాన్ని రద్దు చేయక తప్పలేదు. ధర్మపండితుల మాట, ప్రజల ఐక్యత కలిస్తే ఆయుధం లేకుండానే అన్యాయాన్ని ఆపవచ్చని ఆ ఘటన చాటింది. అయినా ఏ రాజూ అఫ్ఘానీ ఆశించిన సంస్కర్త కాలేదు. 1897లో ఇస్తాంబుల్‌లో, సుల్తాన్ నిఘా నీడలో ఆయన కన్నుమూశారు.

అబ్దుహ్ 1888లో స్వదేశానికి తిరిగివచ్చారు. న్యాయమూర్తిగా పనిచేశారు. 1895 నుంచి అల్ అజ్‌హర్ పాలకమండలిలో ఉండి విద్యార్థుల వసతి, ఆరోగ్యం, గ్రంథాలయం, పరీక్షల పద్ధతి బాగుచేయడానికి శ్రమించారు. 1899లో మహా ముఫ్తీ అయ్యారు. అంధానుసరణ (తఖ్లీద్) సంకెళ్ల నుంచి బుద్ధిని విడిపించాలని, ధర్మాన్ని తొలితరం అర్థం చేసుకున్నట్లు దాని మూలాల నుంచే గ్రహించాలని, కొత్త సమస్యలకు ఇజ్తిహాద్ ద్వారా పరిష్కారం వెదకాలని ఆయన బోధించారు. 1903లో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ నుంచి ఒక ముస్లిం మూడు ప్రశ్నలు పంపాడు. అక్కడ వ్యాపార అవసరాల కోసం ముస్లింలు టోపీ (హ్యాటు) ధరించవచ్చా? అక్కడి క్రైస్తవులు కోసిన మాంసం తినవచ్చా? హనఫీలు, షాఫియీలు ఒకరి వెనుక ఒకరు నమాజు చేయవచ్చా? అబ్దుహ్ మూడింటికీ అనుమతి ఇచ్చారు. ఈజిప్టు పత్రికలలో పెద్ద దుమారం లేచింది. ఆ ఫత్వాలోని కొన్ని అంశాలపై ధర్మపండితుల మధ్య నేటికీ భిన్నాభిప్రాయం ఉంది. అయితే అల్పసంఖ్యాకులుగా జీవించే ముస్లింల బాధను ఒక మహా ముఫ్తీ సానుభూతితో విన్న తీరు మనకు గుర్తుండదగినది. ఎందుకంటే మనమూ అల్పసంఖ్యాకులమే.

అబ్దుహ్‌పై కూడా విమర్శ ఉంది. బ్రిటిష్ ప్రతినిధి క్రోమర్ అండతో పదవిలో నిలిచారని ప్రత్యర్థులు నిందించారు. ఒకవైపు ఖదీవ్ ఆగ్రహం, మరొకవైపు అజ్‌హర్‌లోని వ్యతిరేకత. 1905లో పాలకమండలికి రాజీనామా చేసి, అదే ఏడాది జూలైలో మరణించారు. ఆయన నాటిన చెట్టు ఒకే దిశలో పెరగలేదు. ఆయన శిష్యుడు సాద్ జగ్లూల్ 1919లో ఈజిప్టు స్వాతంత్ర్యోద్యమానికి నాయకుడయ్యారు. మరో శిష్యుడు రషీద్ రజా 1898లో ‘అల్ మనార్’ పత్రికను ప్రారంభించి 1935లో మరణించేవరకు నడిపారు. గురువు ప్రారంభించిన ఖుర్ఆన్ వ్యాఖ్యానాన్ని కొనసాగించారు. 1924లో టర్కీ ఖిలాఫత్‌ను రద్దు చేసింది. మరుసటి సంవత్సరం, ఇస్లాం నిర్దిష్ట పాలనావిధానాన్ని విధించలేదని అలీ అబ్దుర్రాజిఖ్ గ్రంథం వ్రాస్తే, అల్ అజ్‌హర్ ఆయన పండిత హోదాను తొలగించింది. రషీద్ రజా ఆ గ్రంథాన్ని గట్టిగా ఖండించారు. విశేషమేమిటంటే, ఈ ఇద్దరి ఆలోచనలకూ మూలం అబ్దుహ్‌లోనే చూపుతారు చరిత్రకారులు. 1928లో ఇస్మాయిలియాలో ఇఖ్వానుల్ ముస్లిమీన్‌ను స్థాపించిన హసన్ అల్ బన్నా కూడా అల్ మనార్ పాఠకుడే.

ఆ కిరణాలు మన దేశానికీ చేరాయి. అలీగఢ్‌లో బోధించిన అల్లామా షిబ్లీ నుమానీ 1892లో టర్కీ, సిరియా, ఈజిప్టులు తిరిగి, అక్కడి విద్యను పరిశీలించి వచ్చారు. ఆధునికతను, సంప్రదాయాన్ని కలపాలన్న తపనతో లక్నోలోని నద్వతుల్ ఉలమాకు జీవం పోశారు. 1901 నుంచి కొన్ని సంవత్సరాలు ఆయన హైదరాబాద్ ప్రభుత్వ విద్యాశాఖలో పనిచేశారు. ఇమామ్ గజాలీ జీవితచరిత్ర, ఇల్మె కలామ్‌పై ఆయన గ్రంథాలు ఆ కాలంలో వెలువడ్డవే. 1912లో ఆయన ఆహ్వానంపై రషీద్ రజా లక్నో వచ్చి నద్వా మహాసభకు అధ్యక్షత వహించారు. అదే ఏడాది జూలైలో కలకత్తాలో ఇరవై మూడేళ్ల మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ ‘అల్ హిలాల్’ పత్రికను ప్రారంభించారు. ఉర్వతుల్ వుస్ఖా, అల్ మనార్‌ల స్ఫూర్తి అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఖుర్ఆన్ ఆధారంగానే స్వాతంత్ర్య పోరాటానికి పిలుపునిచ్చిన ఆజాద్, తర్వాత స్వతంత్ర భారతదేశపు తొలి విద్యాశాఖ మంత్రి అయ్యారు. అఫ్ఘానీ పోరాటం, అబ్దుహ్ పాఠశాల చివరికి ఒకే మనిషి జీవితంలో కలిశాయి.

విశ్వాసులారా! ఈ చరిత్ర నుంచి మనం ఏమి గ్రహించాలి?

ఈ సంస్కర్తలు ప్రవక్తలు కారు. పొరపాటు లేనివారు ప్రవక్తలు మాత్రమే. సర్ సయ్యద్ ఖుర్ఆన్ వ్యాఖ్యానంలో హద్దు దాటారని పండితులు అన్నారు. అఫ్ఘానీ రాజులను అతిగా నమ్మారు. అబ్దుహ్ పరాయి పాలకుల నీడను తప్పించుకోలేకపోయారు. కానీ న్యాయనిర్ణేత చిత్తశుద్ధితో శ్రమించి సరైన తీర్పుకు చేరితే రెండు పుణ్యాలని, శ్రమించి పొరబడినా ఒక పుణ్యమని దైవప్రవక్త (సల్లం) శుభవార్త ఇచ్చారు. శ్రమించనివాడికి ఈ రెంటిలో ఏదీ లేదు.

సర్ సయ్యద్ చేసిన ఒక పనిని ఇక్కడ ప్రత్యేకంగా తలచుకోవాలి. తనపై ఫత్వాలు వెల్లువెత్తినప్పుడు, తన వ్యక్తిగత మతాభిప్రాయాలు కళాశాలలో బోధింపబడవని ఆయన హామీ ఇచ్చారు. ధార్మిక బోధనను సంప్రదాయ పండితులకే అప్పగించారు. తన అభిప్రాయం గెలవడం కంటే పిల్లలు చదువుకోవడం ముఖ్యమని భావించారు. మన మస్జిద్ కమిటీలలో, మన సంఘాలలో ఎంతమందిమి ఇలా తగ్గగలము? రఫయుల్ యదైన్ మీద, ఆమీన్ బిగ్గరగా పలకడం మీద వాదించుకుని, ఒక మహల్లాలో రెండు మస్జిదులు కట్టుకున్నాము. ఆ రెండింటిలోనూ పిల్లలకు ఫాతిహా సూరా అర్థం చెప్పే మనిషి లేడు.

ముందు మారవలసినది ఏదన్న ప్రశ్నకు ఆ పెద్దల జవాబులు వేరైనా, ఒక విషయంలో వారంతా ఏకీభవించారు. అర్థం కాని చదువు, ప్రశ్నించని అనుసరణ, శ్రమలేని తవక్కుల్ ఈ సముదాయాన్ని కూల్చాయి. కాబట్టి మార్పు మన ఇంటి గుమ్మం లోపలే మొదలు కావాలి. మన పిల్లవాడు ఖుర్ఆన్ పారాయణం పూర్తిచేసినప్పుడు మిఠాయిలు పంచుతాము, మంచిదే. అయితే అతడు నమాజులో రోజూ పలికే మాటల అర్థం అతడికి తెలుసా? అతడికి వచ్చిన భాష తెలుగు అయితే తెలుగులోనే చెబుదాము. అల్లాహ్ ప్రతి ప్రవక్తనూ తన జాతి భాషలోనే పంపాడని ఇబ్రాహీమ్ సూరా మనకు తెలుపుతుంది. సైన్సు పాఠాన్ని దునియా చదువని, ఖుర్ఆన్ పాఠాన్ని దీన్ చదువని విడదీయకుండా, రెండూ అల్లాహ్ సూచనలేనని మన ఆడపిల్లలకూ మగపిల్లలకూ నేర్పుదాము. మనతో విభేదించే పండితుడిని ఒక్క మాటతో ‘గుమ్రాహ్’ అని కొట్టివేయకుండా, అతడి ప్రమాణాన్ని పరిశీలిద్దాము. మంచిని గ్రహించి, పొరపాటును మర్యాదగా విడిచిపెడదాము.

తంతా నుంచి పారిపోయిన ఆ బాలుడి కోసం ఒక షేఖ్ దర్వేష్ దొరికాడు. మన వీధిలో పారిపోతున్న బాలుడి కోసం మనలో ఒకరు షేఖ్ దర్వేష్ కావాలి. ఈ వారమే, ఈ జుమా తర్వాతే, ఒక పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క ఆయతుకు అర్థం చెప్పండి. మార్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఓ అల్లాహ్! మా అంతరంగాలను సంస్కరించు. మా స్థితిగతులను మెరుగుపరచు. మాకు మేలుచేసే జ్ఞానాన్ని ప్రసాదించు. నీ ధర్మం కోసం శ్రమించిన మా పూర్వీకుల పొరపాట్లను మన్నించు, వారి సత్కార్యాలను స్వీకరించు. విభేదించినా విడిపోని హృదయాలను మాకు అనుగ్రహించు. ఆమీన్.